చైనా ఫ్యాక్టరీ ఈ లాటులో మోటారు మార్చేసింది: ఆర్డరు పెరిగేకొద్దీ సప్లయర్‌ని అదుపులో పెట్టుకోవడం ఎలా?

గుంటూరు_పంపులు

అందరికీ నమస్కారం. పట్నంబజారు దగ్గర మాకు వ్యవసాయ పనిముట్ల షాపు ఉంది. నాన్నగారి కాలం నుంచి మందు కొట్టే చేతి పంపులు, తైవాన్ పంపులు అమ్ముతున్నాం. ఇప్పుడు మా సొంత బ్రాండు మీద బ్యాటరీ స్ప్రేయర్లు చైనా నుంచి తెప్పిస్తున్నాం. 16 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ. ఫ్యాక్టరీ జెజియాంగ్ రాష్ట్రంలోని తైజౌలో ఉంది. మొదట్లో వేరేవాళ్ల సరుకుతో కలిపి ఎల్‌సీఎల్‌లో కొద్దికొద్దిగా తెచ్చాం. బాగా పోయాయి. నరసరావుపేట, సత్తెనపల్లి, చిలకలూరిపేట డీలర్లు మాకూ కావాలనడంతో ఈసారి నలభై అడుగుల కంటైనర్ నిండా 1,300 పంపులు దించాం.

ఈ లాటు బయటికెళ్లిన దగ్గర్నుంచి ఫోన్లు ఆగట్లేదు. మా మెకానిక్ పాత పంపునీ కొత్త పంపునీ విప్పి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. పైకి ఏ తేడా లేదు, అదే నీలం ట్యాంకు, అదే స్టిక్కరు. లోపల మోటారు వేరు. పాతది చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తోంది, కొత్తది తేలిక. మందుని నెట్టే డయాఫ్రమ్ రబ్బరు పల్చన, వైరు సన్నం. గంటసేపు ఆపకుండా నడిపితే మోటారు మీద చెయ్యి పెట్టలేం, ప్రెజరు పడిపోతోంది.

ఫ్యాక్టరీలో సేల్స్ చూసే అమ్మాయిని వీచాట్‌లో అడిగితే "సేమ్ క్వాలిటీ, డోంట్ వర్రీ" అంటోంది. 30 శాతం అడ్వాన్సు, లోడింగుకు ముందు 70 శాతం, మొత్తం కట్టేశాం. ఇప్పుడు ఫ్యాక్టరీ మార్చాలా? వీళ్లతోనే తేల్చుకోవాలా? పత్తి, మిరప సీజన్ నెత్తి మీదుంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_విడిభాగాలు

అన్నా, బెజవాడ ఆటోనగర్లో లారీ విడిభాగాలు దిగుమతి చేసే పనిలో చాలాకాలంగా ఉన్నా. మీది మీ ఒక్కరి కథ కాదు. మొదటి రెండు లాట్లు శాంపిల్‌కి తగ్గట్టే వస్తాయి. ఆర్డరు పెద్దదయ్యాక, కొనేవాడు డబ్బు కట్టే అలవాటులో పడ్డాక, కంటికి కనపడని చోట ఒక్కో భాగం మారుతూ వస్తుంది.

ముందు ఒక్క విషయం చెప్పండి. మీ పీఐలో (ప్రొఫార్మా ఇన్‌వాయిస్, అంటే ఆర్డరుకి ఫ్యాక్టరీ ఇచ్చే కాగితం) ఏం రాసి ఉంది? "16 లీటర్ బ్యాటరీ స్ప్రేయర్, 12వి 8ఏహెచ్" అని ఒక్క లైనే ఉంటే, వాళ్లు పంపింది ఆ లైనుకి సరిగ్గా సరిపోయే సరుకే. వాదనకి దిగినా మీ చేతిలో కాగితం ఉండదు.

గుంటూరు_పంపులు

ఆ ఒక్క లైనే ఉందండి. రంగు, లోగో గురించి మాత్రం అర పేజీ ఉంది.

ఆటోనగర్_విడిభాగాలు

దాదాపు అందరి పీఐలూ అలాగే ఉంటాయి. పైకి కనపడేదే రాస్తాం కాబట్టి పైకి కనపడేదే సరిగ్గా వస్తుంది.

వచ్చే ఆర్డరుకి పీఐ వెనకాల స్పెసిఫికేషన్ షీటు జత చేయించండి. మోటారు ఎవరి తయారీ, మోడల్ నంబరేంటి, బరువెంత, నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎంత ప్రెజరు, ఎన్ని ఆంపియర్లు లాగుతుంది, అన్నీ అంకెల్లో ఉండాలి. డయాఫ్రమ్ ఏ రబ్బరు, మందమెంత. వైరు గేజి. బ్యాటరీ బరువు గ్రాముల్లో రాయించండి, ఇది ముఖ్యం. మంచి 12 వోల్టుల 8 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండు కిలోల పైనే తూగుతుంది. స్టిక్కరు మీద 8 అని ఉండి తూకంలో బాగా తేలిపోయిందంటే లోపల సీసం తగ్గించారన్నమాట. మీ షాపులో తూకం మిషను ఉంటుంది కదా, ఈ లాటులో ఓ పది బ్యాటరీలు ఇప్పుడే తూచి చూడండి.

ఇంకోటి. మీకు నచ్చిన పాత పంపుని శాంపిల్‌గా ఖాయం చేసి, మూడు పీసులకి సీలు వేసి, రెండువైపులా సంతకాలు పెట్టించండి. ఒకటి ఫ్యాక్టరీలో, ఒకటి మీ దగ్గర, ఒకటి ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్ల దగ్గర. "మా ముందు లిఖితపూర్వక అనుమతి లేకుండా ఏ భాగమూ, ఏ భాగం సప్లయర్నీ మార్చరాదు" అన్న వాక్యం పీఐలో పెట్టించండి.

చిలకలూరిపేట_డీలర్

నేను సరుకు తెచ్చేవాణ్ణి కాదు, అమ్మేవాణ్ణి. రైతు పక్షాన రెండు మాటలు చెబుతా.

2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడ్డ దగ్గర్నుంచి మందు కొట్టడం ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. ఎకరం మిరపకి పెట్టుబడి లక్షల్లో ఉంటుంది. పొద్దున్నే కూలీలని పెట్టుకుని, మందు కలిపి, చేలో సగం సాళ్లు కొట్టాక పంపు ఆగిందనుకోండి, కలిపిన మందూ పోయె, కూలీ డబ్బులూ పోయె. ఆ రైతు మీ ఫ్యాక్టరీ ఎక్కడుందో అడగడు, పంపు తెచ్చి నా కౌంటరు మీద పెడతాడు. ఆ పూట నా దగ్గర మోటారుంటే అరగంటలో మార్చి పంపిస్తా, ఆయన మళ్లీ నా దగ్గరికే వస్తాడు. లేకపోతే పక్క షాపులో వేరే బ్రాండు కొనుక్కుంటాడు.

కాబట్టి స్పేర్లు లేకుండా కంటైనర్ తేవద్దు. మోటార్లు, డయాఫ్రమ్ కిట్లు, ట్రిగ్గర్లు, నాజిళ్లు, ఛార్జర్లు, స్విచ్చిలు. ఏది ఎక్కువ పోతుందో మా డీలర్ల దగ్గర లెక్క ఉంటుంది, అడిగితే ఇస్తాం. ఇప్పటిదాకా మమ్మల్ని ఏ కంపెనీవాళ్లూ అడగలేదు.

గ్వాంగ్‌జౌ_తెలుగు

మాది తెనాలి. గ్వాంగ్‌జౌలో మనవాళ్లకి సరుకు చూసిపెట్టే పని చేస్తున్నా. తైజౌ వైపు కూడా వెళుతుంటా. కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

తైజౌ చుట్టుపక్కల స్ప్రేయర్లు చేసేవాళ్లు బోలెడు. మీరు "ఫ్యాక్టరీ" అంటున్నది చాలావరకు బిగింపు షెడ్డే. ట్యాంకు సొంతంగా పోస్తారేమో గాని మోటారు ఒకరి దగ్గర, బ్యాటరీ ఇంకొకరి దగ్గర, లాన్స్ (మందు చిమ్మే గొట్టం) మరొకరి దగ్గర కొంటారు. రాగి ధరో, సీసం ధరో పెరిగితే మీకు ఒప్పుకున్న డాలరు రేటు వాళ్లకి గిట్టదు. రేటు పెంచమని అడిగితే ఆర్డరు పోతుందేమోనని భయం. అప్పుడు చౌక మోటారు చేసేవాడి దగ్గరికి పోతారు. సేల్స్ అమ్మాయికి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. ఆమె అబద్ధం చెబుతోందని అనుకోకండి, ఆమెని దాటి ఫ్యాక్టరీ యజమానితో వీడియో కాల్‌లో మాట్లాడండి.

మన వైపు నుంచి కూడా ఒకటుంది. ప్రతి ఆర్డరుకీ అర డాలరు తగ్గించమని బేరం చేస్తాం. వాళ్లు కాదనరు, తగ్గిస్తారు. ఆ అర డాలరు వాళ్ల లాభంలోంచి పోదు, పంపులోంచి పోతుంది. అందుకే నేను బేరం ఇలా మొదలుపెట్టమంటా: "మోటారు, బ్యాటరీ, డయాఫ్రమ్ ఇవి మారడానికి వీల్లేదు. మిగతావాటిలో మీరేం తగ్గించగలరు?" అట్టపెట్టె మందం, ప్రింటింగు రంగులు, బెల్టు కుషను, ఇలాంటి చోట తగ్గినా రైతుకి నష్టం లేదు.

మీరు మాట్లాడేది ఫ్యాక్టరీతోనా, మధ్యలో కొని అమ్మే ట్రేడింగ్ కంపెనీతోనా తేల్చుకోండి. వ్యాపార లైసెన్సు కాపీ అడగండి. దాని మీద 18 అక్షరాల క్రెడిట్ కోడు ఉంటుంది, చైనీస్‌లో కంపెనీ పేరుంటుంది. పీఐ మీద ఉన్న పేరూ, మీరు డబ్బు పంపే బ్యాంకు ఖాతా పేరూ, కంపెనీ ఎర్ర ముద్రలో ఉన్న పేరూ ఒక్కటేనా చూడండి. హాంకాంగ్‌లో వేరే పేరున్న ఖాతాకి పంపమంటే ఎందుకో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. ట్రేడింగ్ కంపెనీ అయినంత మాత్రాన చెడ్డది కాదు, చిన్న ఆర్డర్లకి వాళ్లే మేలు. కాకపోతే 1,300 పీసుల స్థాయికి వచ్చాక మోటారు ఎక్కణ్ణించి వస్తోందో మీకు తెలిసి తీరాలి.

ఇన్‌స్పెక్షన్ సంగతి. 70 శాతం కట్టకముందు, సరుకు ప్యాక్ అయ్యాక, మూడో మనిషితో చూపించాలి. లాటులోంచి ఎన్ని పీసులు తీసి చూడాలో తేల్చడానికి అందరూ వాడే పద్ధతి ఐఎస్‌ఓ 2859 పట్టిక. 1,201 నుంచి 3,200 పీసుల లాటుకి మామూలు స్థాయిలో 125 పీసులు తీస్తారు. పెద్ద లోపాలకి 2.5 ఏక్యూఎల్ (ఎన్ని లోపాల దాకా ఒప్పుకోవచ్చో చెప్పే హద్దు) పెట్టుకుంటే ఏడు దాకా పాసు, ఎనిమిది దొరికితే లాటు మొత్తం ఫెయిల్. ఫెయిలైతే ఏం చేయాలో ముందే రాసుకోవాలి: ఫ్యాక్టరీ తన ఖర్చుతో విడదీసి బాగుచేయాలి, రెండోసారి ఇన్‌స్పెక్షన్ ఫీజు కూడా తనే కట్టాలి.

లక్ష్మీపురం_గిఫ్ట్స్

గ్వాంగ్‌జౌ గారూ, మీ మాటతో ఏకీభవిస్తాను గాని ఒక హెచ్చరిక. మేం కార్పొరేట్ గిఫ్టులకి స్టీలు ఫ్లాస్కులు తెప్పించేవాళ్లం. పేరున్న ఏజెన్సీతోనే ఇన్‌స్పెక్షన్ చేయించాం, పాస్ రిపోర్టు వచ్చింది, నలభై ఫొటోలతో. గుంటూరుకి సరుకొచ్చాక చూస్తే వేడి నిలవట్లేదు. రిపోర్టు మళ్లీ చదివితే అర్థమైంది. వాళ్లు గీతలు, సొట్టలు, లోగో వంకర, అట్టపెట్టెల లెక్క చూశారు. వేడి నీళ్లు పోసి గంటల తర్వాత కొలవమని మా చెక్‌లిస్టులో లేదు, వాళ్లు కొలవలేదు. పని పరీక్ష ఏంటో కొనేవాళ్లే రాసివ్వాలి.

పంపు విషయంలో నేనైతే ఇలా రాస్తా: పదీ పదిహేను పీసులు తీసి, నిండా ఛార్జి చేసి, నీళ్లతో ఆపకుండా బ్యాటరీ అయిపోయేదాకా నడపాలి. ఎన్ని ట్యాంకులు కొట్టింది, చివరి ట్యాంకులో ప్రెజరెంత, మోటారు వేడెంత, మూడూ రాయాలి. అందులోంచి రెండు పీసులు విప్పి మోటారు ఫొటో, డయాఫ్రమ్ మందం, బ్యాటరీ తూకం పెట్టాలి.

ఇంకో మాట. ఒక్క దేశం, ఒక్క ఫ్యాక్టరీ మీద ఆధారపడితే నిబంధన మారినప్పుడు దెబ్బ పెద్దగా తగులుతుంది. ఫ్లాస్కులకి బీఐఎస్ మార్కు తప్పనిసరి చేశారు, 2025 మార్చిలో చైనా వాక్యూమ్ ఫ్లాస్కుల మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చౌక దిగుమతులని అడ్డుకోవడానికి వేసేది) టన్నుకి 1,732 డాలర్లు వేశారు. మేం ఇప్పుడు ఫ్లాస్కులు ఇక్కడి తయారీదారుల దగ్గరే తీసుకుంటున్నాం.

గొల్లపూడి_హోల్‌సేల్

లక్ష్మీపురం మేడం గారి చివరి మాటే నా మాట. అసలు ఈ తలనొప్పంతా ఎందుకు? కోయంబత్తూరు, రాజ్‌కోట్ వైపు పంపులు చేసేవాళ్లు ఉన్నారు. ఫోన్ చేస్తే లారీలో వేస్తారు. పరిచయమైతే నెల, నెలన్నర అప్పిస్తారు. పాడైంది వెనక్కి పంపితే తీసుకుంటారు. చైనావాడికి పాడైన మోటారు వెనక్కి పంపగలరా? అడ్వాన్సు కట్టిన రోజు నుంచి డబ్బు చేతికొచ్చేసరికి నాలుగైదు నెలలు. ఆ వడ్డీ ఎవరు లెక్క వేస్తున్నారు?

గుంటూరు_పంపులు

వడ్డీ లెక్క వేసే చూశామండి. ఇక్కడి పంపులు తీసుకుని మా స్టిక్కరు వేస్తే పంపుకి మిగిలేది బాగా తక్కువ. పైగా ఇక్కడ "తయారీ" అంటున్న కొందరి పంపులు విప్పితే లోపల అదే చైనా మోటారు. మోటారు మీద పట్టు లేకపోతే ఎక్కడ కొన్నా ఇదే సమస్య కదా.

ఆటోనగర్_విడిభాగాలు

ఇప్పుడు అసలు విషయానికొచ్చారు. పంపు మొత్తాన్ని ఒకే చోట కొనాలని ఎక్కడుంది?

మీ పంపులో ముఖ్యంగా పట్టు ఉండాల్సినవి రెండు: మోటారు, బ్యాటరీ. బ్యాటరీ ఇక్కడే కొనండి. మన దేశంలో లెడ్ యాసిడ్ బ్యాటరీలు చేసేవాళ్లకి కొదవలేదు, వారంటీ ఇక్కడే తేలుతుంది. పైగా బ్యాటరీ ఓడలో నెలరోజులు, పోర్టులో కొన్నాళ్లు, మీ గోడౌన్లో ఇంకొన్నాళ్లు ఛార్జింగు లేకుండా పడుంటే అమ్మకముందే సగం చచ్చిపోతుంది. మోటారు తయారుచేసేవాడి దగ్గరే మోటారు నేరుగా కొనండి. అప్పుడు మీరు బిగింపు షెడ్డుకి కేవలం ట్యాంకు, బెల్టు, లాన్స్ ఇచ్చే పని మాత్రమే అప్పజెప్పినట్టు. బిగింపు గుంటూరులోనే పెట్టుకోవచ్చు, నలుగురు కుర్రాళ్లు చాలు.

ట్యాంకు మాత్రం ఆలోచించాలి. ఖాళీ ట్యాంకంటే కంటైనర్లో గాలికి కిరాయి కట్టడమే. ఇక్కడ బ్లో మోల్డింగ్‌లో పోయించుకోవచ్చు గాని అచ్చు ఖర్చు మీ మీద పడుతుంది. ఏడాదికి ఎన్ని ట్యాంకులు తిరుగుతాయో చూసి తేల్చుకోండి, తొందరొద్దు. అచ్చు చైనాలో చేయిస్తే మాత్రం అది మీ సొత్తని, అడిగినప్పుడు వేరే ఫ్యాక్టరీకి తరలించే హక్కు మీదని ఒప్పందంలో రాయించి, అచ్చు మీద మీ పేరు చెక్కించండి. లేకపోతే ఫ్యాక్టరీ మార్చాలన్న రోజున మీ ట్యాంకు డిజైను అక్కడే ఉండిపోతుంది.

పటమట_సీఏ

డబ్బు, కాగితాల సంగతి నేను రాస్తా. ఎవరూ ముట్టుకోలేదు గాని నష్టం ఎక్కువ జరిగేది ఇక్కడే.

మొదట అసలు ధర లెక్క. చాలామంది డాలరు రేటుని రూపాయల్లోకి మార్చి, పైన "ముప్ఫై శాతం పన్నులు" వేసుకుని కూర్చుంటారు. విడదీయండి. ఉదాహరణకి ఒక సరుకుకి 10 శాతం కస్టమ్స్ సుంకం, 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) ఉందనుకుందాం. సీఐఎఫ్ విలువ (సరుకు ధర, బీమా, ఓడ కిరాయి కలిపి) 100 రూపాయలైతే సుంకం 10, దాని మీద పదిశాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి 1, మొత్తం 111. దాని మీద 18 శాతం ఐజీఎస్టీ 19.98. కట్టేది 30.98 రూపాయలు, కాని అందులో ఖర్చు 11 మాత్రమే. 19.98 క్రెడిట్‌గా తిరిగొస్తుంది. ఖర్చు కాదు గాని అన్నాళ్లు మీ డబ్బు ఇరుక్కుపోతుంది, దానికి వేరే ఏర్పాటు చూసుకోవాలి. మీ సరుకుకి అసలు రేట్లు హెచ్‌ఎస్ కోడును (సరుకు రకాన్ని తెలిపే కస్టమ్స్ నంబరు) బట్టి క్లియరింగ్ ఏజెంటుతో ముందే ఖాయం చేసుకోండి, కంటైనర్ వచ్చాక కాదు.

రెండోది. "కిలోకి ఇంత, ఇంటికి తెచ్చి ఇస్తాం, కాగితాల గొడవ లేదు" అనే డోర్ టు డోర్ ఏజెంట్లు బెజవాడలోనూ తిరుగుతున్నారు. మీ ఐఈసీ (దిగుమతి, ఎగుమతిదారు కోడు) మీద బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌లో వేసే దిగుమతి పత్రం) లేకపోతే మీకు ఐజీఎస్టీ క్రెడిట్ రాదు, సరుకు ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. సొంత బ్రాండు కట్టుకుంటున్నవాళ్లు ఆ దారిన పోకూడదు. ఐఈసీని ఏటా ఏప్రిల్, జూన్ మధ్య అప్‌డేట్ చేయడం మర్చిపోకండి, మార్పులేమీ లేకపోయినా చేయాలి.

మూడోది బ్యాంకు. మీరు అడ్వాన్సు పంపిన ప్రతి డాలరుకీ ఎదురుగా బిల్ ఆఫ్ ఎంట్రీ పడాలి. ఆర్‌బీఐ వారి ఐడీపీఎంఎస్‌లో (దిగుమతి చెల్లింపుల్ని గమనించే వ్యవస్థ) అది పెండింగులో ఉంటే తర్వాతి చెల్లింపు దగ్గర బ్యాంకు ఆపుతుంది. సీజన్ మధ్యలో ఆపితే ఎంత కష్టమో ఊహించుకోండి.

నాలుగోది. బ్యాటరీతో సహా పంపు దిగుమతి చేస్తే 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం మీరు ఉత్పత్తిదారు లెక్కలోకి వస్తారు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో నమోదు కావాలి. లిథియం బ్యాటరీకి మారదామనే ఆలోచనుంటే బీఐఎస్ రిజిస్ట్రేషను, ఓడలో వేయడానికి యూఎన్ 38.3 (రవాణాలో బ్యాటరీ భద్రత) పరీక్ష రిపోర్టు, ఇవన్నీ కలుస్తాయి. ఆటోనగర్ అన్న చెప్పినట్టు బ్యాటరీ ఇక్కడ కొనడానికి ఇదింకో కారణం.

అమ్మే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, తయారైన నెల, ఏ దేశంలో తయారైంది, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలి. ఫ్యాక్టరీలోనే ముద్రించి పంపమనండి, పోర్టులో స్టిక్కర్లు అంటించే పని పెట్టుకోవద్దు.

కృష్ణలంక_ఎల్‌ఈడీ

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త చెబుతా. మాకు తెలిసిన వ్యాపారికి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే మెయిల్ వచ్చింది, "ఆడిట్ జరుగుతోంది, బ్యాలెన్సు ఈ కొత్త ఖాతాకి పంపండి" అని. మెయిల్ ఐడీలో ఒక్క అక్షరం తేడా. పంపేశాడు. తిరిగి రాలేదు. ఖాతా మారిందంటే వీడియో కాల్‌లో యజమాని మొహం చూసి, అతని నోటితో చెప్పించుకుని అప్పుడు పంపండి. పొరపాటున పోతే ఆ క్షణమే బ్యాంకుకి, 1930కి ఫోన్ చేయాలి. గంటలు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది.

చెన్నై_క్లియరింగ్

నేను ఒంగోలువాణ్ణి, చెన్నైలో క్లియరింగ్ పని. గుంటూరు, బెజవాడ సరుకు ఎక్కువగా మా మీదుగానే వస్తుంది, కొంత విశాఖకి.

పేమెంట్ విషయంలో మీకున్న పట్టు బిల్ ఆఫ్ లేడింగ్ (బీఎల్, సరుకు ఓడ ఎక్కినట్టు ఇచ్చే పత్రం, సరుకు విడిపించుకోవడానికి ఒరిజినల్ కావాలి) దగ్గర ఉంటుంది. లోడింగుకు ముందు 70 శాతం కట్టే బదులు, ఓడ ఎక్కాక బీఎల్ కాపీ చూసి కట్టేలా అడగండి. పాత ఖాతాదారులకి చాలా ఫ్యాక్టరీలు ఒప్పుకుంటాయి, ఎందుకంటే డబ్బు ముట్టేదాకా ఒరిజినల్ బీఎల్ వాళ్ల చేతిలోనే ఉంటుంది, వాళ్లకీ భయం ఉండదు. ఎఫ్‌ఓబీ నింగ్బో (ఆ రేవులో ఓడ ఎక్కించేదాకా ఖర్చు వాళ్లది) తీసుకుని కిరాయి మీరే మాట్లాడుకోండి. సీఐఎఫ్‌లో అక్కడ కిరాయి చౌకగా కనపడుతుంది గాని ఇక్కడ దిగాక లోకల్ ఛార్జీల్లో వసూలు చేసేస్తారు.

ఓడ వచ్చే ముందు రోజుకల్లా బిల్ ఆఫ్ ఎంట్రీ పడాలి, ఆలస్యమైతే రోజుకింతని జరిమానా. అంటే ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు మాకు ఓడ బయల్దేరిన వారంలో అందాలి. ఫ్రీ డేస్ (కంటైనర్ని అద్దె లేకుండా ఉంచుకునే రోజులు) ఎన్నో బుకింగ్ అప్పుడే రాయించుకోండి. సంక్రాంతి, దీపావళి సెలవులప్పుడు డిటెన్షన్ (కంటైనర్ ఆలస్యంగా తిరిగిచ్చినందుకు అద్దె) పడి గోల పెట్టినవాళ్లని చాలామందిని చూశాను.

గుంటూరు_పంపులు

అందరికీ చాలా థాంక్స్. తూకం వేశాం. పది బ్యాటరీల్లో నాలుగు పాతవాటి కంటే బాగా తేలికగా ఉన్నాయి. అంటే బ్యాటరీలు కూడా కలగలుపు.

ఇప్పుడు ఫ్యాక్టరీతో ఎలా మాట్లాడాలి? గట్టిగా అడిగితే సంబంధం చెడుతుందేమోనని నాన్నగారు అంటున్నారు. కోర్టుకి పోదాం అని తమ్ముడు అంటున్నాడు.

గ్వాంగ్‌జౌ_తెలుగు

ముందు తమ్ముడికి జవాబు. మన దేశంలోని కోర్టు తీర్పుని చైనాలో నేరుగా అమలు చేయించుకునే ఏర్పాటు లేదు. 1958 న్యూయార్క్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నాయి కాబట్టి ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే) తీర్పుకి దారి ఉంది, అదీ మీ ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉంటేనే. మీకు పీఐ తప్ప ఒప్పందమే లేదు. ఇకముందు చైనీస్, ఇంగ్లీషు రెండు భాషల్లో ఒప్పందం రాయించి ఎర్ర ముద్ర వేయించండి. ఈ లాటుకి మాత్రం మాటలతోనే పని జరగాలి.

నాన్నగారికి జవాబు. లెక్కతో అడిగితే సంబంధం చెడదు. కోపంతో, అందరి ముందూ మాట పోయేలా అడిగితేనే చెడుతుంది. వీచాట్ గ్రూపులో "చీటింగ్" అని రాయకండి. యజమానితో విడిగా కాల్ పెట్టించుకుని మూడు చూపించండి: పాత, కొత్త మోటార్లు తూకం మిషను మీద ఉన్న వీడియో, గంటసేపు నడిపాక ప్రెజరు మీటరు వీడియో, ఏ డీలరు దగ్గర ఎన్ని వెనక్కొచ్చాయో పట్టిక. తర్వాత ఏం కావాలో ఒకే మాటలో అడగండి. నగదు వెనక్కివ్వమంటే కుదరదంటారు. పాత రకం మోటార్లు ఉచితంగా పంపమనండి, మీ కూలీ ఖర్చుకి తర్వాతి ఆర్డరులో తగ్గింపు అడగండి. అది వాళ్లకి చేతిలో పని, ఒప్పుకుంటారు.

దాంతోపాటు వచ్చే ఏడాదికి ఎన్ని కావాలో నెలలవారీగా అంచనా ఇవ్వండి. చిన్న కొనుగోలుదారులు ఎవరూ ఇవ్వరు. అది చేతికొస్తే వాళ్లు మోటార్లు ముందే సరైనచోట బుక్ చేసుకోగలరు. చివరి నిమిషంలో అందిన ఆర్డరుకే దొరికిన మోటారు వేస్తారు.

క్యాలెండరు కూడా చూసుకోండి. చైనా కొత్త సంవత్సరం జనవరి చివర గాని ఫిబ్రవరిలో గాని వస్తుంది. దానికి రెండు వారాల ముందే పనివాళ్లు ఊళ్లకి వెళ్లడం మొదలుపెడతారు, మళ్లీ పూర్తిగా పని సాగేసరికి ఫిబ్రవరి దాటుతుంది. పండక్కి ముందు హడావిడిలో బిగించిందీ, పండగ అయ్యాక కొత్త పనివాళ్లు బిగించిందీ రెండూ అనుమానమే. మీకు జులైకల్లా సరుకు కావాలి కాబట్టి స్పెక్, శాంపిల్ పండక్కి ముందే ఖాయం చేసి, తయారీ మార్చి, ఏప్రిల్ నెలల్లో పెట్టించండి.

గొల్లపూడి_హోల్‌సేల్

మోటారు, బ్యాటరీ విడదీయడం అన్నది నాకు నచ్చింది. కానీ ఈ ఫ్యాక్టరీ ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఇంకొకళ్ల దగ్గర చిన్న ఆర్డరైనా నడపండి.

గుంటూరు_పంపులు

రెండు వారాల తర్వాత రాస్తున్నా. యజమానితో కాల్ జరిగింది. తూకం వీడియో చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత మోటార్ల షాపు మార్చిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. రాగి రేటు పెరిగి పాత మోటారు గిట్టలేదట. 400 పాత రకం మోటార్లు, 600 డయాఫ్రమ్ కిట్లు ఉచితంగా పంపుతానన్నాడు. వచ్చే ఆర్డరు రేటు కొంచెం పెంచాడు, మోటారు తయారీదారు పేరు, మోడల్ పీఐలో రాయడానికి ఒప్పుకున్నాడు. బ్యాలెన్సు ఇన్‌స్పెక్షన్ పాసయ్యాక, బీఎల్ కాపీ చూసి. బ్యాటరీ లేకుండా పంపమన్నాం, వాటికి ఇక్కడ ఇద్దరితో మాట్లాడుతున్నాం. ట్యాంకు సంగతి ఈ సీజనుకి కదిలించట్లేదు. రెండో ఫ్యాక్టరీకి శాంపిల్స్ చెప్పాం.

మోటార్లు ఎల్‌సీఎల్‌లో వస్తున్నాయి. ఇన్‌వాయిస్‌లో విలువ సున్నా అని వేసి పంపుతానంటున్నాడు, సరేనా?

చెన్నై_క్లియరింగ్

సున్నా వేయించొద్దు. ఉచితంగా వచ్చినా కస్టమ్స్‌కి విలువ చూపించాలి, సుంకం కట్టాలి. మోటారుకి మామూలుగా ఎంత రేటో అంత వేసి, కింద "వారంటీ కింద ఉచితం, చెల్లింపు లేదు" అని రాయించండి. పాత ఇన్‌వాయిస్ నంబరు, వాళ్లు లోపం ఒప్పుకున్న మెయిల్ కాపీ జతచేయండి. మోటారు విడిగా వస్తే హెచ్‌ఎస్ కోడు పంపుది కాకపోవచ్చు, ఫొటో, నేమ్‌ప్లేటు వివరాలు నాకు ముందే పంపండి, చూసి చెబుతా.

పటమట_సీఏ

చెల్లింపు లేదన్న సంగతి బ్యాంకుకి కూడా బిల్ ఆఫ్ ఎంట్రీతో పాటు ఉత్తరం రాసివ్వండి. లేకపోతే ఐడీపీఎంఎస్‌లో ఆ బిల్లు కట్టని బాకీగా కనిపిస్తూ ఉంటుంది.

చిలకలూరిపేట_డీలర్

మోటార్లు దిగగానే మాకు ఓ ముప్ఫై పంపండి. వెనక్కొచ్చిన పంపులు ఎవరివో పేర్లు, ఫోన్ నంబర్లు రాసిపెట్టా. సెప్టెంబరులో మిరప నాట్లు పూర్తయ్యేలోపు అందరికీ మార్చేద్దాం.

గుంటూరు_పంపులు

ముందు మీకేనండి. ఇన్‌వాయిస్ మార్పించడానికి ఇప్పుడే వాళ్లకి రాస్తున్నా.